బీటీకే జన్యువు, మీ మేనల్లుడి రిపోర్టు, మేనరికం మీద వేస్తున్న నింద

మీరు రాసింది మొత్తం చదివాను తమ్ముడూ. చదివే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. సోంపేట దగ్గర మీ ఊరు. మీ అక్క కొడుక్కి మూడున్నరేళ్లు, బరువు 12 కిలోలు. ఎనిమిదో నెల నుంచి చెవిలో చీము, మూడుసార్లు న్యుమోనియా, ఈమధ్య మోకాలు వాచింది. విశాఖలో చూపిస్తే రక్తంలో ఐజీజీ (క్రిములతో పోరాడే యాంటీబాడీల్లో ముఖ్యమైన రకం) 60 మాత్రమే ఉందన్నారు, బీ కణాలు దాదాపు సున్నా అన్నారు, జన్యు పరీక్షలో 'బీటీకే' అని వచ్చింది. ఆ జన్యువు చెడితే ఒంట్లో యాంటీబాడీలు తయారుకావు, ఆ జబ్బునే ఎక్స్ లింక్డ్ అగామాగ్లోబ్యులినీమియా అంటారు. అక్కని మీ అమ్మగారి తమ్ముడికే ఇచ్చారు కాబట్టి మేనరికం వల్లే ఇలా అయిందని ఊళ్లో అందరూ అంటున్నారు, అక్క రాత్రిళ్లు ఏడుస్తోంది. ఎవరో బీటీకే మాత్రలు ఉన్నాయని ఫోన్లో పేరు పంపారు. మీకు పెళ్లి కుదిరింది, ఆడపిల్ల వాళ్లు మీకు కూడా టెస్టు చేయించమంటున్నారు. చెల్లికి ఇప్పుడు ఐదో నెల.

నేను విజయనగరంలో చాలా కాలంగా పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. అన్నిటికంటే ముందు ఆ మాత్రల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ప్రమాదం. మీకు పేరు పంపిన ఇబ్రూటినిబ్ లాంటి మందులు బీటీకేని ఆపేసే మందులు. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో, లింఫోమాల్లో బీ కణాలు అదుపు లేకుండా పెరిగిపోతుంటే వాటికి అందే సంకేతాన్ని తెంపడానికి వాడతారు. అమెరికాలో మొదటి అనుమతి 2013లో వచ్చింది. మీ బాబుకి పుట్టుకతోనే ఆ సంకేతం లేదు. లేనిదాన్ని ఆపే మందు వాడికి ఎందుకు? పేరు కలిసినంత మాత్రాన మందు అయిపోదు. ఆ మెసేజ్ తీసేయండి, అక్కా బావా కొనకుండా చూడండి.

ఇక జన్యువు గురించి. బీటీకే అంటే బ్రూటన్ టైరోసిన్ కైనేజ్. బ్రూటన్ అనేది డాక్టరు పేరు. ఆగ్డెన్ బ్రూటన్ అమెరికా సైన్యంలో పిల్లల డాక్టరు. మాటిమాటికీ న్యూమోకాకస్ ఇన్ఫెక్షన్లు వచ్చి ప్రాణం మీదికి వస్తున్న ఎనిమిదేళ్ల బాబు రక్తాన్ని పరీక్షిస్తే యాంటీబాడీలు ఉండే గామా గ్లోబ్యులిన్ అసలు కనిపించలేదు. సరే, లేనిదాన్ని బయటి నుంచి ఇద్దామని చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే బాబు కోలుకున్నాడు. ఇది 1952లో ప్రచురించాడు. అంటే జబ్బు పేరు, దాని వైద్యం ఒకే వ్యాసంలో వచ్చాయి, ఇప్పటికీ వైద్యం మూలంలో అదే. అసలు జన్యువు ఏదో తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, 1993లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద ఉంటుంది. దాన్నిబట్టి తయారయ్యే ప్రోటీన్‌లో 659 అమైనో ఆమ్లాలు. మీ ఇంట్లో ఎవరి తప్పూ లేదని చెప్పడానికి ఆ 'ఎక్స్' అన్న ఒక్క అక్షరమే చాలు, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ ప్రోటీన్ చేసే పని కబురు అందించడం. బీ కణం అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలకి మూలం. దాని పైపొర మీద ఒక గ్రాహకం ఉంటుంది, క్రిమి ముక్క ఏదైనా వచ్చి దానికి తగులుకుంటే లోపలికి ఆ వార్త వెళ్లాలి. మొదట లిన్, సిక్ అనే రెండు ఎంజైములు కదులుతాయి. అదే సమయంలో పొర లోపలి వైపు పీఐపీ3 అనే కొవ్వు అణువులు పుడతాయి, బీటీకే తన ముందు భాగంతో వాటిని పట్టుకుని పొర దగ్గరికి చేరుతుంది. అక్కడ దాని 551వ స్థానంలో ఫాస్ఫేట్ పడుతుంది, దాంతో అది మేలుకుంటుంది. మేలుకుని పీఎల్‌సీ గామా 2 అనే తర్వాతి ఎంజైముని కదిలిస్తుంది, కణంలో కాల్షియం పెరుగుతుంది, చివరికి కేంద్రకంలో జన్యువులు పనిలోకి దిగుతాయి: బతుకు, పెరుగు, విభజించు అని. స్లాబు వేసే రోజు సిమెంటు తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్లే వరస మీరు చూసే ఉంటారు. మధ్యలో ఒక్క మనిషి లేకపోతే కింద మాలు కలుపుతూనే ఉంటారు, పైన మేస్త్రి ఎదురుచూస్తూనే ఉంటాడు, స్లాబు మాత్రం పడదు. బీటీకే ఆ మధ్య మనిషి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. క్రిమి వచ్చినప్పుడే ఈ సంకేతం కావాలి అనుకుంటారు. కాదు. ఎముక మూలుగలో బీ కణం పుట్టి పెరిగే దశలోనే, ఇంకా పూర్తి గ్రాహకం కూడా తయారు కాకముందే, ఒక తాత్కాలిక గ్రాహకం నుంచి 'నువ్వు బాగానే ఉన్నావు, ముందుకు వెళ్లు' అన్న సంకేతం రావాలి. అది కూడా బీటీకే గుండానే వెళుతుంది. అది రాకపోతే కణం అక్కడే ఆగిపోయి చనిపోతుంది. అందుకే మీ బాబు రక్తంలో సీడీ19 అనే గుర్తుండే బీ కణాలు లేవు. సాధారణంగా ఈ జబ్బులో అవి 2 శాతం కన్నా తక్కువ ఉంటాయి. బీ కణాలు లేవు కాబట్టి వాటి నుంచి వచ్చి యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు లేవు, కాబట్టి యాంటీబాడీలు లేవు. టార్చి వేసి వాడి గొంతు చూడండి, టాన్సిల్స్ కనిపించవు, లేదా నామమాత్రంగా ఉంటాయి. ఎందుకంటే టాన్సిల్స్‌లో ఎక్కువ భాగం బీ కణాలే. పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చే పిల్లాడికి టాన్సిల్స్ ఉబ్బి ఉండాలి గానీ లేకపోవడమేమిటి అని అనుమానించిన డాక్టరు సగం రోగనిర్ధారణ అక్కడే చేసేసినట్టు.

వైరస్‌లని ఎదుర్కొనే టీ కణాలు అని ఇంకో రకం ఉన్నాయి, వాటికి బీటీకే అవసరం లేదు. వాటికి దాని దగ్గరి బంధువు ఐటీకే ఉంది. అందుకే మీ బాబు మామూలు వైరస్ జ్వరాలు, ఆటలమ్మ లాంటివి చాలావరకు తట్టుకుంటాడు. తట్టుకోలేనిది చీము పట్టించే బాక్టీరియాని: న్యూమోకాకస్, హీమోఫిలస్ లాంటివి. చెవి, సైనస్, ఊపిరితిత్తులు, కీళ్లు. మీరు రాసిన జాబితా అచ్చంగా అదే. వైరస్‌లలో ఎంటరోవైరస్‌లు, అంటే పోలియో జాతివి, మాత్రం వీళ్లకి ప్రమాదం, మెదడు దాకా వెళ్లగలవు. నీళ్ల వల్ల వచ్చే జియార్డియా విరేచనాలు కూడా పట్టుకుంటే వదలవు, అందుకే కాచి చల్లార్చిన నీళ్లే తాగించండి, పొలం దగ్గర, చుట్టాలింట్లో అయినా సరే. ఎనిమిదో నెల దాకా ఎందుకు బాగున్నాడు అంటే, కడుపులో ఉన్నప్పుడు అక్క దగ్గర నుంచి మాయ గుండా వెళ్లిన ఐజీజీ వాడిని కాపాడింది. ఐజీజీ సుమారు మూడు వారాలకోసారి సగానికి తగ్గుతుంది కాబట్టి ఆరేడు నెలలకి ఆ నిల్వ అయిపోయింది. 'పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడు, ఎవరి దిష్టో తగిలింది' అనే మాట వెనక ఉన్న అసలు కారణం ఇది.

మేనరికం విషయానికి వస్తాను. మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచి, వై తండ్రి నుంచి వస్తాయి. బీటీకే ఎక్స్ మీద ఉంది. అంటే ఈ విషయంలో బావగారు బాబుకి ఇచ్చింది ఏమీ లేదు, ఆయన మీ మేనమామ అయినా, ఒడిశా నుంచి వచ్చిన పరాయి మనిషి అయినా ఒకటే. ఇంకొంచెం ముందుకు వెళ్లి ఆలోచించండి. ఆయనకి ఉన్నది ఒక్కటే ఎక్స్, అందులో బీటీకే చెడి ఉంటే ఆయనే చిన్నప్పటి నుంచి ఇలా జబ్బుపడి ఉండేవారు. ఆరోగ్యంగా ఉన్నారంటే ఆయన ఎక్స్ మంచిదే. దగ్గరి సంబంధాల వల్ల ఎక్కువగా కనిపించే రోగనిరోధక లోపాలు వేరే ఉన్నాయి, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడిన ప్రతి రావాల్సినవి, వాటికి మేనరికం నిజంగా కారణమవుతుంది. మన రెండు జిల్లాల్లో అలాంటివి చూస్తూనే ఉంటాం, మేనరికాలు తగ్గాలని నేనూ కోరుకుంటాను. కానీ ఈ పిల్లాడి జబ్బుని ఆ లెక్కలో వేయడం తప్పు, ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ల ముందు మీరే గట్టిగా చెప్పండి.

ఆ మాట చెప్పగానే నింద అక్క మీదికి మారుతుంది, 'అయితే పిల్ల వల్లే' అంటారు. అది అంతకన్నా అన్యాయం. చాలా కుటుంబాల్లో అసలు ఈ జబ్బు చరిత్రే ఉండదు. మార్పు కొత్తగా ఆ బిడ్డలోనే, లేదా ఒక తరం ముందు పుట్టి ఉండొచ్చు. అక్క వాహకురాలే అయినా, అంటే తనకి జబ్బు లేకుండా చెడిన జన్యువుని మోస్తున్నా, ఆమెకి తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే ఆమెకి ఒక్క జలుబు కూడా ఎక్కువగా రాదు. దీని వెనక ఒక విశేషం ఉంది. ఆడవాళ్లలో ప్రతి కణం రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. వాహకురాలిలో చెడిన ఎక్స్‌ని తెరిచి ఉంచుకున్న బీ కణాలు మూలుగలోనే ఆగిపోతాయి, మంచి ఎక్స్ తెరిచిన కణాలే పెరిగి రక్తంలోకి వస్తాయి. కాబట్టి ఆమె బీ కణాలన్నీ మంచివే. అదే ఆమె మోనోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాల్లో చూస్తే కొన్నిట్లో బీటీకే ఉంటుంది, కొన్నిట్లో ఉండదు, ఎందుకంటే ఆ కణాలు అది లేకపోయినా బతుకుతాయి. ఈ తేడాని ఫ్లో సైటోమెట్రీలో, అంటే కణాలని ఒక్కొక్కటిగా చూసే పరీక్షలో, చూసి వాహకురాలిని గుర్తిస్తారు. ఒంటిలో ఇంత జరుగుతున్నా ఆమెకి ఏమీ తెలియదు, అలాంటి మనిషిని ఎవరైనా ఏమని తప్పుపడతారు?

మీ పెళ్లి గురించి సూటిగా చెబుతాను. మీకు ఇరవయ్యారేళ్లు, ఆరోగ్యంగా ఉన్నారు, మీకున్న ఒక్క ఎక్స్‌లో ఈ లోపం దాగి ఉండదు. మీ పిల్లలకి మీ వైపు నుంచి ఇది రాదు. ఆ ఇంటివాళ్ల మనసు కుదుటపడాలంటే ఒక్క ఐజీజీ పరీక్ష చేయించి చూపించండి, చాలు.

టెస్టు అవసరం ఉన్నది చెల్లికి, అదీ ఇప్పుడే. అక్క వాహకురాలై, అది అమ్మ నుంచి వచ్చి ఉంటే, చెల్లికి వచ్చే అవకాశం సగం. చెల్లి వాహకురాలైతే, పుట్టే మగబిడ్డకి అవకాశం సగం. వరసగా అక్క, అమ్మ, చెల్లి అని పరీక్షలు చేసుకుంటూ పోవడానికి సమయం లేదు, కాబట్టి ముగ్గురివీ ఒకేసారి ఇవ్వండి. బాబులో ఏ అక్షరం మారిందో తెలుసు కాబట్టి ఆ ఒక్క చోట చూసే టెస్టు మొత్తం జన్యు పరీక్ష కన్నా తేలిక, ఖర్చూ తక్కువ. ఒకవేళ చెల్లి వాహకురాలై మగబిడ్డ పుడితే, పుట్టగానే వేసే పోలియో చుక్కలు ఆపమని కాన్పు డాక్టరుకి ముందే చెప్పి రాయించుకోవాలి, మొదటి రోజుల్లోనే బీ కణాల లెక్క చూడాలి. ఐజీజీ చూసి బాగుందని సంతోషించకండి, అప్పుడు కనిపించేది తల్లి ఇచ్చిన ఐజీజీ. మూడున్నరేళ్లకి కాకుండా మూడో వారంలో తెలిసిన బాబుకి ఊపిరితిత్తులు చెడకముందే వైద్యం మొదలవుతుంది. ఆ తేడా జీవితమంత పెద్దది. మీ అమ్మమ్మ వైపు, పిన్నమ్మల వైపు చిన్నతనంలో జ్వరాలతో పోయిన మగపిల్లలు ఉన్నారేమో కూడా పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టుకోండి.

వైద్యం సంగతి. ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని నరం ద్వారా ఎక్కించడమే, దీన్నే ఐవీఐజీ అంటారు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఐజీజీ అది. మామూలుగా కిలోకి 400 నుంచి 600 మిల్లీగ్రాములు, మూడు నాలుగు వారాలకోసారి. మీ బాబు బరువుకి దాదాపు 5 నుంచి 7 గ్రాములు అవుతుంది. బరువు పెరిగే కొద్దీ మోతాదు పెరగాలి, ఏడాది కిందటి మోతాదే ఇస్తూ పోతే చాలదు, ఇది నేను మళ్లీ మళ్లీ చూసే లోపం. తర్వాతి డోసు ఎక్కించే ముందు ఐజీజీ చూస్తారు, అది కనీసం 500 పైన ఉండాలి, చాలామంది డాక్టర్లు 700 పైన ఉంచాలని చూస్తారు, నేనూ ఆ పక్షమే. బాబు బాగానే ఉన్నాడు కదా, ఈ నెల ఆపుదాం అనుకోకండి. బాగున్నది ఆ మందు వల్లే. మందుతో ఐజీజీ మాత్రమే దొరుకుతుంది, ముక్కు గొంతు ఊపిరితిత్తుల పొరల మీద ఉండే ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీ దొరకదు. కాబట్టి దగ్గు, కఫం లెక్కచేయకుండా వదలకూడదు, అవసరమైతే డాక్టర్లు వారంలో కొన్ని రోజులు అజిత్రోమైసిన్ కూడా ఇస్తారు. మూలుగ మార్పిడి గురించి అడిగారు, ఈ జబ్బుకి అది మామూలుగా చేసే వైద్యం కాదు.

'సెలైన్‌లో పెట్టే మందు కిడ్నీలు పాడుచేస్తుంది' అని మీ ఇంట్లో భయపడుతున్నారని రాశారు. ఉద్దానం ఇళ్లల్లో ఆ భయం ఎంత లోతైనదో నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయను. ఐవీఐజీతో కిడ్నీ ఇబ్బందులు ఎక్కువగా సుక్రోజ్ కలిపిన రకాలతో వచ్చాయి. సుక్రోజ్ లేనిది ఇవ్వమని అడగండి, ముందు రోజు నుంచి నీళ్లు బాగా తాగించండి, మొదట నెమ్మదిగా ఎక్కించమనండి, అప్పుడప్పుడు క్రియాటినిన్ చూపించండి. ఎక్కిస్తుంటే వణుకు, తలనొప్పి వస్తే వేగం తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సీసా బ్యాచ్ నంబరు నోటుపుస్తకంలో రాసుకోండి.

మనవైపు జ్వరం వచ్చిన పిల్లాడికి జరిగేది ఇది: వైడాల్, డెంగ్యూ కార్డు, స్క్రబ్ టైఫస్ టెస్టు రాసేస్తారు. ఇవన్నీ ఎక్కువగా చూసేది యాంటీబాడీలని. మీ బాబు ఒంట్లో అవి తయారే కావు! టైఫాయిడ్ ఉన్నా వైడాల్ నెగెటివ్ వస్తుంది, స్క్రబ్ టైఫస్ ఉన్నా ఐజీఎం నెగెటివ్ వస్తుంది, నెగెటివ్ చూసి 'ఏమీ లేదు' అని ఇంటికి పంపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఐవీఐజీ ఎక్కించిన తర్వాత దీనికి వ్యతిరేకం జరుగుతుంది, దాతల యాంటీబాడీల వల్ల హెపటైటిస్ బీకి చెందిన ఒక యాంటీబాడీ పాజిటివ్ అని రావచ్చు, ఇంట్లో గొడవ మొదలవుతుంది. వీడికి కావాల్సినవి క్రిమినే నేరుగా చూసే పరీక్షలు: బ్లడ్ కల్చర్, పీసీఆర్, డెంగ్యూ మొదటి రోజుల్లో ఎన్‌ఎస్‌1. మలేరియాకి రక్తపు స్లైడు, యాంటిజెన్ కార్డు మామూలుగానే పనిచేస్తాయి, సీతంపేట వైపు చుట్టాలింటికి వెళ్లొచ్చి జ్వరం వస్తే అవి తప్పక చేయించండి. ఒక తెల్ల కార్డు మీద 'యాంటీబాడీ టెస్టులు ఈ పిల్లాడికి పనికిరావు' అని మీ విశాఖ డాక్టరుతో రాయించి, ముద్ర వేయించి అక్క పర్సులో పెట్టించండి. రాత్రి పూట ఏ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా అక్కడి డ్యూటీ డాక్టరుకి అది చూపించవచ్చు.

పల్స్ పోలియో ఆదివారం చుక్కలు బాబుకి వేయించకండి, ఇంట్లో ఉన్న మిగతా పిల్లలకి కూడా వేయించకండి, ఎందుకంటే చుక్కల్లోని బతికున్న వైరస్ విరేచనంలో కొన్ని వారాలు వస్తూ ఉంటుంది, వీడి ఒంట్లో చేరితే నెలలు, ఏళ్లు ఉండిపోవచ్చు. ఇంటి పిల్లలకి ఇంజెక్షన్ రూపంలో ఉండే ఐపీవీ వేయించండి. ఆశా అక్కకి, ఏఎన్ఎమ్‌కి మర్యాదగా కారణం చెప్పండి, రిపోర్టు చూపిస్తే వాళ్లు అర్థం చేసుకుంటారు.

డబ్బు విషయం దాచిపెట్టి లాభం లేదు, ప్రతి నెలా జీవితాంతం కావాల్సిన మందు ఇది. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కావాల్సిన జబ్బుల ఉదాహరణగా ఈ జబ్బు పేరే ఉంది, రెండో గ్రూపులో. గుర్తింపు పొందిన కేంద్రం ద్వారా 50 లక్షల వరకు సాయానికి వీలుంది. అలాంటిదొకటి హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్‌తో కలిసి నడిచే కేంద్రం. అక్కడ పేరు నమోదు చేయించండి. అది తేలేదాకా వైద్యం ఆపకండి, మొదటి డోసు ఈ వారంలోనే పడాలి.

బాబు పెద్దయ్యాక సంగతి అక్క అడిగిందన్నారు కాబట్టి అది కూడా: ఊపిరితిత్తులు చెడకముందే మొదలుపెట్టి క్రమంగా తీసుకుంటే వీళ్లు చదువుకుంటారు, ఉద్యోగం చేస్తారు, పెళ్లి చేసుకుంటారు. వాడి కొడుకులకి ఇది రాదు, కూతుళ్లందరూ వాహకురాళ్లవుతారు, అప్పుడు వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది.

చెల్లి రక్తం ఇచ్చేటప్పుడు బాబు జన్యు రిపోర్టు మొత్తం పేజీలు జత చేయండి, అందులో 'సీ' చుక్క, 'పీ' చుక్కలతో మొదలయ్యే రెండు వరసలు ల్యాబ్‌వాళ్లకి కావాలి, అవి లేకపోతే మళ్లీ మొదటి నుంచి పెద్ద పరీక్ష చేయాల్సి వస్తుంది. పేర్లు కొట్టేసి ఆ రెండు వరసలు ఇక్కడ పెడితే అది బీటీకేలో ఏ భాగాన్ని చెడగొట్టిందో నేను చూసి చెబుతాను.